మెస్ లెక్కలు, ప్రోటోటైప్‌లు, మేము

టర్బో సీ నీలం తెర ముందు కూర్చున్న మొదటి వారంలోనే మనలో చాలామందిని ఒక ఎర్రర్ పలకరించి ఉంటుంది. ప్రోగ్రాం అంతా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి ఆల్ట్ ఎఫ్9 నొక్కగానే "ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్ షుడ్ హావ్ ఎ ప్రోటోటైప్" అని ప్రత్యక్షమవుతుంది. సీనియర్‌ని పిలిస్తే దగ్గరకు కూడా రాకుండా "పైన స్టూడియో డాట్ హెచ్ రాయలేదురా" అని వెళ్ళిపోతాడు. అది స్టూడియో కాదని, స్టాండర్డ్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ అన్న మాటల పొట్టి రూపమని మాకు తెలిసేసరికి డిగ్రీ రెండో సంవత్సరం వచ్చింది. ఆ లైను రాస్తాం, ఎర్రర్ పోతుంది, అమ్మయ్య అనుకుంటాం. ప్రోటోటైప్ అంటే ఏమిటని మాత్రం అడగం. మేము ఐదేళ్ళు అడగలేదు. అడగనందుకు పీజీ చివరి సంవత్సరంలో ఈ హాస్టల్ నోటీసు బోర్డు ముందే తలదించుకోవలసి వచ్చింది. ఆ కథ, దాని వల్ల మేము తయారుచేసిన ఒక చిన్న ప్రోగ్రాం గురించి ఈ సంచికలో రాయమని సంపాదక మిత్రులు కోరారు. కంప్యూటర్ గ్రూపు కాని తమ్ముళ్ళు కూడా చదవగలిగేటట్టు రాయడానికి ప్రయత్నిస్తాం.

ముందు విషయం. సీ భాషలో ప్రోగ్రాం అంటే ఫంక్షన్ల గుంపు. ఒక్కో ఫంక్షన్ ఒక్కో పని చేస్తుంది. దానికి కొన్ని విలువలు ఇస్తాం, అది ఒక జవాబు తిరిగి ఇస్తుంది. మెస్‌లో వంట మాస్టారికి బియ్యం, పప్పు, నూనె కొలిచి ఇస్తే భోజనం తిరిగి వచ్చినట్టు. ఫంక్షన్ లోపల ఏం జరుగుతుందో మొత్తం రాస్తే అది డెఫినిషన్. ఏమేం ఇవ్వాలి, ఏం వస్తుంది అన్న ఒక్క వాక్యం మాత్రమే రాసి చివర సెమీకోలన్ పెడితే అది ప్రోటోటైప్. ఉదాహరణకు:

డబుల్ బాకీ(ఇంట్ నెంబరు, డబుల్ రేటు);

అంటే, బాకీ అనే ఫంక్షన్‌కు ఒక పూర్ణాంకం, ఒక దశాంశం ఇవ్వాలి, దశాంశ సంఖ్య జవాబుగా వస్తుంది అని అర్థం. కంపైలర్ ఫైలును పైనుంచి కిందికి చదువుతుంది. ఏదైనా ఫంక్షన్‌ని పిలిచిన చోటుకి వచ్చేసరికి దాని గురించి పైన ఎక్కడో ఒకచోట చదివి ఉండాలి. డెఫినిషన్ పైనే ఉంటే సరే. కిందో, వేరే ఫైల్లోనో ఉంటే పైన ప్రోటోటైప్ అయినా ఉండాలి. హెడర్ ఫైళ్ళలో ఉండేది ముఖ్యంగా ఇదే. స్టూడియో డాట్ హెచ్‌లో ప్రింట్‌ఎఫ్ అసలు ఫంక్షన్ లేదు, దాని ప్రోటోటైప్ మాత్రమే ఉంది.

మరి ప్రోటోటైప్ లేకపోతే? పాత సీ భాషలో దీనికి ఒక విచిత్రమైన నియమం ఉంది. తెలియని ఫంక్షన్ కనిపిస్తే కంపైలర్ ఎవరినీ అడగదు, "ఇది ఇంట్ తిరిగి ఇస్తుంది" అని తనే రాసేసుకుంటుంది. ఇది చదివినప్పుడు మాకు కాలేజీ అడ్మిషన్ రోజు గుర్తుకొచ్చింది. కౌంటర్‌లో గుమాస్తా మా ముగ్గురి ఫారాల్లోనూ తండ్రి వృత్తి దగ్గర అడగకుండానే 'కూలీ' అని రాసేశాడు. మాలో ఒకరి నాన్న కూలీయే. ఇంకొకరి నాన్న తాపీ మేస్త్రీ, మరొకరి నాన్న డప్పు చేసి అమ్ముతాడు. ఇద్దరి విషయంలో తప్పు, ఒకరి విషయంలో ఒప్పు. అందుకే ఆ పద్ధతి అలా సాగిపోతుంది. సీ భాషలోనూ అంతే. చాలా ఫంక్షన్లు నిజంగానే ఇంట్ తిరిగి ఇస్తాయి కనుక తప్పు చాలాకాలం బయటపడదు.

డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1970ల మొదట్లో సీ భాష తయారుచేసినప్పుడు ప్రోటోటైప్ అనే మాటే లేదు. కెర్నిఘాన్, రిచీ కలిసి రాసిన 1978 నాటి పుస్తకంలో ఫంక్షన్లు పాత పద్ధతిలో ఉంటాయి. బ్రాకెట్లలో పేర్లు మాత్రమే రాసి, వాటి రకాలు కింద వేరే లైన్లలో చెప్పేవారు. ప్రోటోటైప్‌లు సీ ప్లస్ ప్లస్ నుంచి వచ్చి, 1989 ఆన్సీ ప్రమాణంలో చేరాయి. 1999 ప్రమాణం ఆ 'ఇంట్ అనుకునే' నియమాన్ని తీసేసింది. అయినా కంపైలర్లు పాత ప్రోగ్రాములు పాడవకూడదని హెచ్చరికతో సరిపెట్టాయి. లినక్స్‌లో మనం వాడే జీసీసీ 2024లో వచ్చిన 14వ వెర్షన్‌తోగాని దాన్ని ఎర్రర్‌గా మార్చలేదు. పాతికేళ్ళ మొహమాటం!

ఇప్పుడు మా కథ. మన హాస్టల్ మెస్ డివైడింగ్ సిస్టం. నెల ఖర్చును హాజరు రోజులతో భాగించి, స్కాలర్‌షిప్ జమ తీసేసి, మిగిలింది బాకీ. 2000ల్లో ఇక్కడ చదివిన ఒక అన్న దీనికోసం టర్బో సీలో ప్రోగ్రాం రాశారు. ఆ కంప్యూటర్ పాడయ్యాక లెక్కలు మళ్ళీ లెడ్జర్‌లోకి వచ్చాయి. ఆఫీసు బీరువా సర్దుతుండగా ఒక సీడీ దొరికింది. అందులో ఒకే ఫైలు, దాదాపు 4 వేల లైన్లు, 143 ఫంక్షన్లు. ప్రాజెక్టుకు ఏం తీసుకోవాలా అని వెతుకుతున్న మాకు దేవుడిచ్చినట్టు అనిపించింది. పూర్వ విద్యార్థి ఒకరు ఇచ్చిన కంప్యూటర్ ఉంది, అందులో ఉబుంటు 20.04, దానితో వచ్చిన జీసీసీ 9. దీన్ని బతికిద్దాం అనుకున్నాం.

టర్బో సీలో వాడిన కోనియో డాట్ హెచ్ లినక్స్‌లో లేదు. తెర తుడవడానికి, కర్సర్ జరపడానికి రాసిన 9 ఫంక్షన్లు డాస్‌కే పరిమితం. వాటిని తీసేశాం. మిగిలినవి 134. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మేము పుస్తకంలో చదివిన తెలివి ప్రదర్శించాం. ఇంత పెద్ద ప్రోగ్రాం ఒకే ఫైల్లో ఉండకూడదని, హాజరు, ఖర్చు, స్కాలర్‌షిప్, బాకీ, ప్రింటు అంటూ 9 ఫైళ్ళుగా విడగొట్టాం. కంపైల్ చేస్తే హెచ్చరికలు తెరనిండా జలజలా రాలాయి. ఎర్రర్ ఒక్కటీ లేదు. హెచ్చరికే కదా అనుకున్నాం. ప్రోగ్రాం నడిచింది, బాకీల జాబితా ప్రింటయింది. మా గొప్ప అందరికీ తెలియాలని తీసుకెళ్ళి నోటీసు బోర్డుకు అంటించాం.

సాయంత్రానికి బోర్డు దగ్గర గుంపు. ఒక్కొక్కరికీ పొంతన లేని అంకెలు. డిగ్రీ ఫైనలియర్ తమ్ముడు ఒకరికి 21 వేల పైచిలుకు బాకీ చూపించింది. నో డ్యూస్ లేకపోతే టీసీ రాదు, టీసీ లేకపోతే పీజీలో సీటు వచ్చినా చేరలేడు. అతను మమ్మల్ని అడగలేదు. పీజీ అన్నలు కంప్యూటర్‌లో తీశారంటే నిజమే అనుకుని ఇంటికి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు అడగడానికి వెళ్ళిందట. లెడ్జర్ తీసి చూస్తే అతని అసలు బాకీ 1,130 రూపాయలు. వార్డెన్ గారు మమ్మల్ని ఏమీ అనలేదు. కాగితం తీసేయించి, "ఇంటికి మీరే ఫోన్ చేసి చెప్పండి" అన్నారు. ఆ ఫోన్ మాట్లాడటం మేము రాసిన ఏ పరీక్షకన్నా కష్టమైంది.

తప్పు అన్నది కాదు, మాదే. ఆయన ఫైల్లో ప్రతి ఫంక్షనూ దాన్ని పిలిచే చోటుకన్నా పైనే ఉంది. మెయిన్ అట్టడుగున ఉంది. అందుకే ప్రోటోటైప్ అవసరం లేకుండానే కంపైలర్‌కు అన్నీ తెలిసేవి. మేము ముక్కలు చేయగానే ఆ వరస చెదిరిపోయింది. ప్రింటు ఫైలు చదివేటప్పుడు కంపైలర్‌కు బాకీ ఫంక్షన్ సంగతి తెలియదు కాబట్టి ఇంట్ అనుకుంది. అసలు ఫంక్షన్ డబుల్ తిరిగి ఇస్తోంది. మన 64 బిట్ లినక్స్‌లో పూర్ణాంకం జవాబు ఒక రిజిస్టర్‌లో, దశాంశం జవాబు మరో రిజిస్టర్‌లో పెడతారు. బాకీ తన జవాబును దశాంశాల అరలో పెట్టి వెళ్ళింది. పిలిచినవాడు పూర్ణాంకాల అర తెరిచి, అక్కడ అంతకుముందు ఎవరో వదిలేసిన అంకెను తీసుకున్నాడు. ఆ 21 వేలు అలా పుట్టింది. ఫైళ్ళను కలిపే లింకర్ పట్టుకోవచ్చు కదా అంటారేమో, సీ భాషలో లింకర్ పేరు మాత్రమే చూస్తుంది, రకం చూడదు. హెచ్చరికలు మాత్రం ఈ విషయమే మొత్తుకున్నాయి. మేమే చదవలేదు.

సరే, 134 ఫంక్షన్లకు ప్రోటోటైప్‌లు రాసి హెడర్‌లో పెట్టాలి. చేత్తో రాయవచ్చు. కానీ ఫంక్షన్ మార్చిన ప్రతిసారీ హెడర్ కూడా మార్చాలి, ఒకటి మరిచిపోతే మళ్ళీ నోటీసు బోర్డే. సోర్సు ఫైలు చదివి ప్రోటోటైప్‌లు తనే రాసే ప్రోగ్రాం చేద్దాం అనుకున్నాం. మా ప్రాజెక్టు పేరు అక్కడే మారిపోయింది.

మొదటి ప్రయత్నం సిగ్గుపడేంత సులువైనది. లైను ఎడమ అంచు నుంచి మొదలై, అందులో బ్రాకెట్టు ఉంటే అది ఫంక్షన్ అనుకుని, చివర సెమీకోలన్ తగిలించాం. అన్న రెండు లైన్లలో రాసిన ఫంక్షన్లు పోయాయి. కామెంట్లలో ఉన్న పాత ఫంక్షన్లు వచ్చి చేరాయి. రెండోసారి లైన్లు వదిలేసి అక్షరాలు చదివాం. ఫైలును ఒక్కో అక్షరం చదువుతూ, ఇప్పుడు మనం ఎక్కడ ఉన్నాం అని గుర్తుపెట్టుకోవడం దీని కిటుకు. కామెంట్ లోపలా, కోట్ల మధ్యనా, హ్యాష్‌తో మొదలైన లైనులోనా, మామూలు చోటా. కామెంట్, కోట్లు, హ్యాష్ లైను అయితే ముగిసేదాకా వదిలెయ్యాలి. మామూలు చోటైతే ఫ్లవర్ బ్రాకెట్లు లెక్కపెట్టాలి. తెరిస్తే ఒకటి కలుపు, మూస్తే ఒకటి తీసెయ్. లెక్క సున్నా ఉన్నప్పుడు మనం ఏ ఫంక్షన్ లోపలా లేము. అప్పుడు చదివిన అక్షరాలు ఒక సంచిలో పోగుచెయ్యాలి. సెమీకోలన్ వస్తే సంచి దులిపెయ్యాలి, అది ఏదో వేరియబుల్. మూసిన మామూలు బ్రాకెట్టు తర్వాత తెరిచే ఫ్లవర్ బ్రాకెట్టు వస్తే సంచిలో ఉన్నది ఫంక్షన్ తల. దానికి సెమీకోలన్ పెట్టి రాసెయ్యడమే. మెయిన్‌ను వదలాలి. స్టాటిక్ అని ఉన్నది ఆ ఫైలు సొంతం కనుక హెడర్‌లో పెట్టకూడదు.

కోట్ల సంగతి చిన్నదనుకోకండి. ఒకచోట అన్న జాబితా అందంగా కనబడాలని తెరిచిన ఫ్లవర్ బ్రాకెట్టునే ప్రింట్ చేయించారు. కోట్లను వదలడం మరిచిన మా ప్రోగ్రాం దాన్ని లెక్కలో కలిపేసింది. అక్కడినుంచి ఫైలు చివరిదాకా ఒక్క ఫంక్షన్ కూడా దొరకలేదు. రెండు రోజులు వెతికాం.

అసలు పరీక్ష పాత పద్ధతి ఫంక్షన్లు. అన్న చదివిన రోజుల్లో చేతులు మారిన జిరాక్సు నోట్సుల్లో ఆ పద్ధతే ఉండేదేమో, సగానికి పైగా ఇలా ఉన్నాయి:

డబుల్ బాకీ(నెంబరు, రేటు)
ఫ్లోట్ రేటు;
ఇంట్ నెంబరు;
{

ఇక్కడ మూసిన బ్రాకెట్టుకూ ఫ్లవర్ బ్రాకెట్టుకూ మధ్య సెమీకోలన్లు ఉన్నాయి, మా సంచి దులిపే నియమం పనికిరాదు. బ్రాకెట్టు మూశాక సెమీకోలన్‌గాని, కామాగాని, సమానం గుర్తుగాని కాకుండా మరో మాట మొదలైతే పాత పద్ధతి అని గుర్తించాం. కింద లైన్లలో వరస తారుమారుగా ఉండవచ్చు, ప్రోటోటైప్‌లో మాత్రం బ్రాకెట్టులోని వరసే రావాలి. ఒకే లైనులో మూడు పేర్లు ఉండి ఒకదానికే నక్షత్రం గుర్తు ఉంటే అది ఆ పేరుకే అంటించాలి. రకం చెప్పకుండా వదిలేసిన పేరు ఇంట్ అవుతుంది. బ్రాకెట్లు ఖాళీగా ఉంటే వాయిడ్ అని రాయాలి. ఎందుకంటే అప్పటి సీలో ప్రోటోటైప్ చోట ఖాళీ బ్రాకెట్లు పెడితే 'ఏమీ ఇవ్వకూడదు' అని కాదు, 'ఏమివ్వాలో చెప్పడం లేదు' అని అర్థం. సీ23 ప్రమాణంలోగాని ఆ రెండూ ఒకటి కాలేదు. అదే ప్రమాణం ఈ పాత పద్ధతిని పూర్తిగా తొలగించింది కూడా.

ఇవన్నీ చేసి హెడర్ తయారుచేశాం. ఫంక్షన్లను పిలిచే ఫైళ్ళలో చేర్చాం. హెచ్చరికలు ఒక్కటీ లేవు. ఈసారి నోటీసు బోర్డు జోలికి పోకుండా లెడ్జర్‌తో సరిచూసుకున్నాం. రోజు రేటు 0.00 అని వచ్చింది. అందరికీ భోజనం ఉచితం! రోగానికి వేసిన మందే కొత్త రోగం తెచ్చింది.

దీని కారణం తెలుసుకోవడానికి వారం పట్టింది, అయితే ఈ ప్రాజెక్టులో మేము నేర్చుకున్న వాటిలో మాకు ఎక్కువ నచ్చింది ఇదే. పాత పద్ధతి ఫంక్షన్‌కు ఫ్లోట్ పంపితే కంపైలర్ దాన్ని డబుల్‌గా పెంచి పంపుతుంది. క్యారెక్టర్, షార్ట్ అయితే ఇంట్‌గా పెంచుతుంది. లోపల ఫ్లోట్ అని రాసి ఉన్నా, గడప దగ్గరికి వచ్చేది డబులే అని ఫంక్షన్‌కు తెలుసు. ప్రోటోటైప్‌లో ఫ్లోట్ అని ఉంటే మాత్రం పంపేవాడు పెంచడు, ఫ్లోట్‌గానే పంపుతాడు. మా ప్రోగ్రాం ఉన్నది ఉన్నట్టు ఫ్లోట్ అని రాసింది. 4 బైట్లు పంపితే అవతలివాడు 8 బైట్ల సంఖ్యగా చదువుకున్నాడు. పై సగం ఖాళీగా ఉండడంతో దాని విలువ సున్నాకు వెంట్రుకవాసి పైన పడింది. కాబట్టి పాత పద్ధతి ఫంక్షన్‌కు ప్రోటోటైప్ రాసేటప్పుడు ఫ్లోట్‌ను డబుల్ అనీ, క్యారెక్టర్‌నూ షార్ట్‌నూ ఇంట్ అనీ రాయాలి. కొత్త పద్ధతి ఫంక్షన్‌కు ఉన్నది ఉన్నట్టే రాయాలి. ఈ వ్యాసం మొదట్లో చూపిన ప్రోటోటైప్‌లో రేటు డబుల్ అని ఎందుకుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇందులో మా రెండో పొరపాటు, హెడర్‌ను పిలిచే ఫైళ్ళలోనే చేర్చి, డెఫినిషన్ ఉన్న ఫైల్లో చేర్చకపోవడం. రెండూ ఒకేచోట కనబడితేనే కంపైలర్ పోల్చి చూడగలదు. అక్కడ కూడా చేర్చి ఉంటే జీసీసీ తనే సర్దుకునేది, పెడాంటిక్ ఆప్షన్ పెడితే హెచ్చరించేది కూడా. ప్రాజెక్టులు చేయబోయే తమ్ముళ్ళకు మా మనవి: హెడర్‌ను రెండువైపులా చేర్చండి, హెచ్చరికలు వస్తే ఆగి చదవండి.

స్ట్రక్చర్ల దగ్గర ఇంకో చిక్కు. విద్యార్థి అనే స్ట్రక్చర్ సంగతి ముందు చెప్పకుండా దాన్ని ప్రోటోటైప్ బ్రాకెట్లలో వాడితే, అది ఆ ఒక్క వాక్యానికే పరిమితమైన వేరే స్ట్రక్చర్ అయిపోతుంది. అందుకని హెడర్‌లో స్ట్రక్చర్లు పైన, ప్రోటోటైప్‌లు కింద పెట్టాం. ఇఫ్‌డెఫ్‌తో రెండు తలలు రాసి ఒకే శరీరం పెట్టిన ఫంక్షన్లు నాలుగు ఉన్నాయి. వాటి దగ్గర మా బ్రాకెట్ల లెక్క ఎలాగూ తప్పుతోంది. నాలుగింటికీ చేత్తోనే రాసుకున్నాం.

ఇంతా అయ్యాక తెలిసింది, సీప్రోటో అనే ప్రోగ్రాం 1990ల నుంచే ఉందని! దాన్ని రాసింది చిన్ హువాంగ్. అది మాలాగా అక్షరాలు లెక్కపెట్టదు. లెక్స్, యాక్ అనే పనిముట్లతో సీ భాష వ్యాకరణాన్నే చదువుతుంది. పాత పద్ధతి ఫ్లోట్‌ను డబుల్‌గా మార్చడం కూడా అందులో ఉన్న అలవాటే. జీసీసీతో పాటు ప్రోటోయిజ్ అనే ఇంకొకటి కూడా వచ్చేది, 2010లో దాన్ని తీసేశారు. జీసీసీలో ఆక్స్ ఇన్ఫో అనే ఆప్షన్ ఇస్తే ఇప్పటికీ ప్రోటోటైప్‌ల జాబితా రాసిపెడుతుంది. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు. నెలన్నర పని ఒక్క ఆప్షన్‌తో అయ్యేదని తెలిస్తే ఎవరికి సహిస్తుంది?

మర్నాడు కొంచెం స్థిమితపడ్డాం. పోల్చుకోవడానికి ఒకటి దొరికింది కదా అనుకున్నాం. 134 ఫంక్షన్లకూ సీప్రోటో ఇచ్చిన జవాబును, మా జవాబును పక్కపక్కన పెట్టి చూస్తే మూడుచోట్ల తేడా వచ్చింది. మూడింటిలోనూ మాదే తప్పు. ఫంక్షన్‌నే ఇంకో ఫంక్షన్‌కు ఇచ్చే సందర్భాలు అవి, బ్రాకెట్టులో బ్రాకెట్టు ఉండేసరికి మాది తడబడింది. దిద్దుకున్నాం. చివరికి మా ప్రోగ్రాంను దాని సోర్సు మీదే నడిపాం. 600 పైచిలుకు లైన్ల తన ఫంక్షన్లకు తానే హెడర్ రాసుకుంది. మేము ముగ్గురం పిల్లలకు మాటలు వచ్చినంత సంబరపడ్డాం.

వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్న అదే. "ఇది ముందే ఉంది కదయ్యా, మళ్ళీ ఎందుకు?" జవాబు తయారుచేసుకుని వెళ్ళాం గానీ నోటికి రాలేదు. 0.00 ఎలా వచ్చిందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించాం. ఆయన ఆ తర్వాత ఇరవై నిమిషాలు దాని మీదే అడిగారు. మార్కులు బాగానే వేశారు. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఏం చదువుతున్నావని ఇంట్లో అడిగితే ఇన్నాళ్ళూ కంప్యూటర్ అని మాత్రమే చెప్పేవాళ్ళం. ఇప్పుడు హాస్టల్ పిల్లల బాకీ లెక్క తప్పకుండా చూసే పని అని చెబుతున్నాం, అర్థమవుతోంది.

గత రెండు నెలల బాకీలు లెడ్జర్‌తో పైసాతో సహా సరిపోయాయి. అయినా వార్డెన్ గారు లెడ్జర్ రాయడం ఆపలేదు, మేమూ ఆపమనడం లేదు. ప్రోగ్రాం, దాని సోర్సు ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నాయి, నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు అడిగి చూడవచ్చు.

ఒక్కటి మిగిలిపోయింది. అన్న ఫైల్లో టీ2 అనే ఫంక్షన్ ఉంది. దాని ప్రోటోటైప్ మా ప్రోగ్రాం సరిగ్గానే రాసింది: ఇంట్ టీ2(ఇంట్ ఎ, ఇంట్ బి). ఒక విద్యార్థి నెంబరు, ఒక నెల ఇస్తే హాజరులోంచి కొన్ని రోజులు తగ్గిస్తుంది. ఏ రోజులు, ఎవరికి, ఎందుకు అన్నది ఎక్కడా రాసి లేదు. సంక్రాంతి, దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళే వీలులేక ఇక్కడే ఉండిపోయిన వాళ్ళకోసమేమో అని మా ఊహ. తీసేస్తే కొందరి బాకీ పెరుగుతుంది, కాబట్టి తీయకుండా ఉంచాం. ఫైలు మొదట్లో కామెంట్‌లో రూం నెంబరు 14 అని తప్ప ఆయన పేరు లేదు. ఆ అన్న ఈ సంచిక చూస్తే, లేదా ఆయన ఎవరో తెలిసిన పూర్వ విద్యార్థులు ఎవరైనా చదివితే, దయచేసి హాస్టల్ ఆఫీసుకు ఒక కబురు చేయగలరు.